తిరిగే ఇంజిన్, ఆగి ఉన్న చక్రం

కారు నేర్పడానికి బాబాయి నన్ను మొదటిరోజు ఊరి చివరి మైదానానికి తీసుకెళ్లారు. క్లచ్ మెల్లగా వదలమన్నారు. వదిలాను. బండి ఒక్క కుదుపుతో ఆగిపోయింది. ఆ ఉదయమంతా అదే తంతు. "ఇంకెంత మెల్లగా బాబాయ్?" అని అడిగితే ఆయనకు మాటలు దొరకలేదు. "పట్టు తగులుతుంది, అక్కడ పాదం ఆపు" అన్నారు అంతే.

ఆ పట్టు ఏమిటో చాలా కాలం తర్వాత లెక్క వేసుకుంటే అర్థమైంది. ఇంజిన్ ఊరికే ఆడుతున్నప్పుడు కూడా నిమిషానికి సుమారు 800 చుట్లు తిరుగుతుంది. అంతకంటే బాగా తగ్గితే ఆగిపోతుంది. ఆగి ఉన్న కారు చక్రానిది సున్నా. చిన్న కార్లలో ఫస్ట్ గేరులో ఇంజిన్ దాదాపు 14 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. అంటే 800 చుట్లకు చక్రానివి 57. చక్రం చుట్టుకొలత 1.8 మీటర్లనుకుంటే గంటకు 6 కిలోమీటర్లు, వడిగా నడిచే మనిషి వేగం. అంతకు బాగా తక్కువ వేగంలో ఇంజిన్, చక్రం గట్టిగా కలిసి ఉండలేవు. సున్నా నుంచి ఆరు దాకా బండిని నడిపించేది జారుతూ పట్టుకునే క్లచ్ ప్లేటే.

ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన ఇనుప చక్రానికి ఈ ప్లేటును ఒక బలమైన స్ప్రింగు అదిమి పట్టి ఉంచుతుంది. పెడల్ తొక్కితే ఆ అదుము తొలగిపోతుంది. కాలు ఎత్తుతున్నప్పుడు ప్లేటు మొదట రాసుకుంటుంది, తర్వాత జారుతూ లాగుతుంది, చివరికి అతుక్కుని ఒక్కటిగా తిరుగుతుంది. మన డ్రైవర్లు హాఫ్ క్లచ్ అనేది ఆ నడుమ దశనే.

ఇక్కడ నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచే విషయం ఒకటుంది. చదును రోడ్డు మీద ఇంజిన్ వేగం మారకుండా బండిని కదిలిస్తే, క్లచ్ ద్వారా ఇంజిన్ ఇచ్చిన శక్తిలో సరిగ్గా సగమే బండికి వేగంగా మారుతుంది. మిగతా సగం ప్లేటు దగ్గర వేడిగా పోతుంది. ఎంత నేర్పరి నడిపినా, రాపిడి స్వభావం వల్ల ఆ సగం తప్పదు. వెయ్యి కిలోల కారును 6 కిలోమీటర్ల వేగానికి తేవడంలో ఆ వేడి సుమారు 1,400 జౌళ్లు, ప్లేటుకు అదొక లెక్క కాదు. ఫ్లైఓవర్ ఎక్కుతూ ట్రాఫిక్‌లో ఇరుక్కుని, బ్రేకు వాడకుండా హాఫ్ క్లచ్‌తోనే బండిని నిలబెట్టడం వేరు. బండి కదలదు కనుక క్లచ్‌కు చేరిన శక్తి మొత్తం వేడే అవుతుంది. ముక్కుకు తగిలే ఆ మాడు వాసన ప్లేటుదే. అందుకే ఎత్తు మీద హ్యాండ్‌బ్రేకు వేయడం నేర్పని శిక్షణను నేను శిక్షణ అనను.

ఇదంతా తెలిసినా కాలికి రాదు. చేసే పనిని మాటలతో గుర్తుంచుకునే జ్ఞాపకం ఒకటి, చేతికీ కాలికీ అబ్బే నేర్పు మరొకటి. మూర్ఛ తగ్గడానికి 1953లో అమెరికాలో మెదడు శస్త్రచికిత్స చేయించుకున్న హెన్రీ మొలైసన్ కొత్త సంఘటనలను గుర్తుంచుకునే శక్తి కోల్పోయారు. మెదడుకూ ప్రవర్తనకూ ఉన్న సంబంధాన్ని పరిశోధించిన బ్రెండా మిల్నర్ ఆయన చేత అద్దంలో చూస్తూ నక్షత్రం గీయించారు. రోజురోజుకూ ఆయన గీత మెరుగుపడింది, కానీ అంతకుముందు గీసినట్టే ఆయనకు గుర్తులేదు. పాదం నేర్చుకునేది కూడా ఈ రెండో రకం నేర్పే. ఇందులో చిన్నమెదడుకు పెద్ద పాత్ర ఉంది. అనుకున్న కదలికకూ జరిగిన కదలికకూ మధ్య తేడాను చూసి తర్వాతి ప్రయత్నాన్ని అది సవరిస్తుంది. బండి ఆగిపోయిన ప్రతిసారీ దానికి ఒక పాఠమే. బాబాయికి మాటలు దొరకకపోవడంలో వింతేమీ లేదు.

గేర్లు మార్చడం దీనికంటే సులువు. 1928లో క్యాడిలాక్ కార్లలో వచ్చిన సింక్రోమెష్ వల్ల, గేరు పడే ముందు చిన్న శంకువు ఆకారపు రింగులు రాసుకుని వేగాలను కలుపుతాయి. లోపల పనిచేసేది మళ్లీ రాపిడే. చాలా కార్లలో రివర్స్ గేరుకు ఆ ఏర్పాటు ఉండదు. బండి పూర్తిగా ఆగకముందే వేస్తే గరగరమంటుంది.

ప్లేటు అరిగేకొద్దీ చాలా బండ్లలో పట్టు పెడల్ పైభాగానికి జరుగుతుంది. రోజూ నడిపేవారికి ఆ సంగతి తెలియనే తెలియదు, ఎందుకంటే వారి పాదం రోజుకింత చొప్పున సర్దుకుంటూనే ఉంటుంది. మొన్న బాబాయి నా కారు తీశారు. వీధి చివరికి వెళ్లకముందే "పట్టు బాగా పైకొచ్చిందిరా, ప్లేటు చూపించు" అన్నారు.