రంగుల అణువులు బ్యాటరీలోకి వస్తే పేటెంటు ఎవరికివ్వాలి?

1869 జూన్ 25న కారో, గ్రేబే, లీబర్‌మాన్ అనే ముగ్గురు జర్మన్ రసాయనవేత్తలు అలిజరిన్ అనే ఎర్రరంగును ఫ్యాక్టరీలో తయారుచేసే పద్ధతికి బ్రిటన్‌లో పేటెంటు దరఖాస్తు వేశారు. మర్నాడు, జూన్ 26న, విలియం హెన్రీ పెర్కిన్ అనే ఇంగ్లీషు రసాయనవేత్త దాదాపు అదే పద్ధతికి దరఖాస్తు వేశాడు. ఒక్క రోజు తేడా. చివరికి పెర్కిన్‌కీ, జర్మన్ల వెనక ఉన్న బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీకీ మధ్య మార్కెట్టు పంపకంతో రాజీ కుదిరింది. అప్పటిదాకా ఆ రంగు వేర్ల నుంచే రావాలి. యూరప్‌లో మ్యాడర్ వేరు, మన కోస్తాలో చిరివేరు. మచిలీపట్నం కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద పటిక అద్ది, చిరివేరు నీళ్లలో ఉడికిస్తే పటిక తగిలిన చోటల్లా పట్టుకునే ఎరుపు అలిజరిన్‌దే.

ఈ అలిజరిన్ ఆంత్రాక్వినోన్లనే పెద్ద కుటుంబానికి చెందినది. ఆ కుటుంబమే ఇప్పుడు మళ్లీ పేటెంటు ఆఫీసుల గుమ్మం ఎక్కుతోంది. ఈసారి ఫ్లో బ్యాటరీల్లో కరెంటు నిల్వచేసే ఎలక్ట్రోలైటుగా.

ఫ్లో బ్యాటరీలో రెండు ట్యాంకులు, వాటిలో రెండు రకాల ద్రావణాలు ఉంటాయి. పంపులు వాటిని ఒక సెల్లులోకి తోడతాయి. సెల్లు మధ్యలో పల్చటి మెంబ్రేన్, దానికి అటూ ఇటూ కార్బన్ ఎలక్ట్రోడ్లు. చార్జింగ్ పెట్టినప్పుడు ఒక పక్క అణువులు ఎలక్ట్రాన్లు తీసుకుంటాయి, రెండో పక్కవి వదులుకుంటాయి. వాడుకునేటప్పుడు ఇదంతా వెనక్కి నడుస్తుంది. ఎన్ని గంటలు కరెంటు కావాలంటే అంత పెద్ద ట్యాంకు కట్టుకోవాలి. పగటి సోలార్ కరెంటును రాత్రికి దాచడానికి ఇంతకంటే సూటి ఉపాయం అరుదు. 1980లలో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో మరియా స్కిల్లాస్-కజాకోస్ బృందం వెనేడియం అనే లోహంతో దీన్ని పనిచేయించింది. కానీ వెనేడియం ఖరీదు ఎప్పుడు ఎక్కడికి పోతుందో చెప్పలేం. అందుకే 2014లో హార్వర్డ్‌లో మైకేల్ అజీజ్ బృందం ఒక ఆంత్రాక్వినోన్ ద్రావణాన్ని బ్రోమిన్‌తో జతచేసి, లోహం లేని ఫ్లో బ్యాటరీని చూపించినప్పుడు అంత సంచలనమైంది. 2015లో అదే విశ్వవిద్యాలయం నుంచి మరో అడుగు పడింది: క్షార ద్రావణంలో 2,6-డైహైడ్రాక్సీ ఆంత్రాక్వినోన్, ఎదురుగా ఫెర్రోసయనైడ్, సెల్లు వోల్టేజి దాదాపు 1.2 వోల్టులు.

ఈ 2,6 అణువులో 14 కార్బన్, 8 హైడ్రోజన్, 4 ఆక్సిజన్ పరమాణువులున్నాయి. చిరివేరు అలిజరిన్‌లోనూ అవే, అన్నే. తేడా అంతా రెండు హైడ్రాక్సిల్ గుంపులు ఎక్కడ కూర్చున్నాయన్న దాంట్లోనే. అలిజరిన్‌లో 1, 2 స్థానాల్లో పక్కపక్కన. బ్యాటరీ అణువులో 2, 6 స్థానాల్లో, ఎదురెదురు వలయాల మీద. పైగా ఈ రెండోదీ కొత్తదేం కాదు. కృత్రిమ అలిజరిన్ తయారీలో వెంట వచ్చే పదార్థంగా 1870లలోనే దాన్ని గుర్తించి, ఆంత్రాఫ్లావిక్ ఆమ్లమని పేరు పెట్టారు.

ఇక పేటెంటు ఎగ్జామినర్ బల్ల దగ్గరికి వద్దాం. మన రెండు రాష్ట్రాల దరఖాస్తులైతే చెన్నై ఆఫీసుకు వెళతాయి. దరఖాస్తు వేసిన 18 నెలలకు మామూలుగా అది ప్రచురితమవుతుంది, పరీక్షించమని విడిగా కోరాక ఎగ్జామినర్ చేతికి వస్తుంది. అతను లేదా ఆమె వెతికి, చదివి, మొదటి అభ్యంతరాల రిపోర్టు పంపుతారు. ఆ వెతుకులాట పేరుతో సాగదు. ఒకే అణువుకు రంగుల వ్యాపారంలో ఒక పేరు, పాఠ్యపుస్తకంలో ఒక పేరు, బ్యాటరీ పరిశోధనలో ఇంకో పేరు ఉంటాయి. అందుకే నిర్మాణాన్ని గీసి, ఆ గీతతోనే డేటాబేసుల్లో వెతకాలి. బ్యాటరీల అరలో దొరకనిది రంగుల అరలో దొరకవచ్చు.

పైగా దరఖాస్తుదారు ఒక్క అణువును అడిగి ఊరుకోడు. 'ఆంత్రాక్వినోన్, దాని ఎనిమిది స్థానాల్లో ఫలానా జాబితా నుంచి ఏ గుంపయినా' అని క్లెయిము, అంటే తనకు హక్కు కావాలనే హద్దు, రాస్తాడు. ఈ తరహా క్లెయిమును మార్కుష్ క్లెయిము అంటారు. 1924లో అమెరికాలో యూజీన్ మార్కుష్ సంపాదించిన పేటెంటు నుంచి వచ్చిందా పేరు, అదీ రంగుల పేటెంటే. జాబితాలో 10 గుంపులున్నాయనుకుందాం. ఎనిమిది స్థానాలకు 10 కోట్ల అమరికలు వస్తాయి. అణువును తిప్పి చూస్తే ఒకటిగా కనిపించేవి తీసేసినా దాదాపు రెండున్నర కోట్ల వేర్వేరు అణువులు మిగులుతాయి. దరఖాస్తులో నిజంగా తయారుచేసి కొలిచినవి మాత్రం తరచుగా వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అయిదు అణువులు కొలిచి రెండున్నర కోట్లకు కంచె వేయనివ్వడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం. మిగతావి నీళ్లలో కరుగుతాయో లేదో, వారం నిలుస్తాయో లేదో ఎవరూ చూడలేదు. వాటిలో ఒకదాన్ని రేపు వరంగల్‌లోనో విశాఖలోనో ఒక పరిశోధక విద్యార్థి కష్టపడి తయారుచేస్తే, అది ఎప్పుడో వేరేవాళ్ల కంచెలో ఉందని తేలడం పరిశోధనకు మేలు చేయదు.

దీనికి తిరగేసిన చిక్కు కూడా ఒకటుంది. 2014 నాటి హార్వర్డ్ పరిశోధనలోనే అలాన్ అస్పురు-గుజిక్ బృందం 10,000కు పైగా క్వినోన్ల (ఆంత్రాక్వినోన్లు కూడా వీటిలోవే) గుణాలను కంప్యూటర్‌లో లెక్కకట్టింది. అలాంటి పట్టికలో ఒక అణువు కనబడితే చాలు, అది పాతదైపోయినట్టేనా? కాదనే నేనంటాను. ఒక పాత పత్రం కొత్తదనాన్ని చెడగొట్టాలంటే, అది చదివిన రసాయనవేత్త ఆ అణువును తయారుచేయగలగాలి. వోల్టేజి అంకె పక్కన ఒక బొమ్మ ఉన్నంత మాత్రాన తయారీ దారి దొరకదు. అయితే ఆ పట్టిక ఇంకో ప్రశ్నకు పనికొస్తుంది: ఈ మార్పు చేస్తే వోల్టేజి పెరుగుతుందని నిపుణుడికి ముందే తోచేదా? తోచేదైతే, అణువు కొత్తదే అయినా దాన్ని కనిపెట్టడంలో ఊహకందనిదేమీ లేనట్టు.

అణువు పాతదని తేలాక మన చట్టంలో అసలు కథ మొదలవుతుంది. 1970 పేటెంట్ల చట్టంలోని సెక్షన్ 3(డి), 2005 సవరణతో వచ్చిన రూపంలో, తెలిసిన పదార్థానికి కొత్త ఉపయోగం కనుక్కోవడం మాత్రమే ఆవిష్కరణ కాదంటుంది. అమెరికాలోనైతే పాత పదార్థాన్ని కొత్తగా వాడే పద్ధతికి క్లెయిము వేయవచ్చు. ఇక్కడ ఆ తలుపు మూసుంది. కాబట్టి 2,6 అణువునే కాదు, 'బ్యాటరీలో దాని వాడకం' అన్నదాన్నీ ఇక్కడ క్లెయిము చేయలేరు. ట్యాంకు, మెంబ్రేన్, గాఢత, ఎదురు ద్రావణం అన్నీ కలిసిన ఒక వ్యవస్థగా అడగాలి, ఆ కలయికలో ఊహకందనిది ఏమిటో చూపాలి.

అదే సెక్షన్ ఇంకా ముందుకు వెళుతుంది. తెలిసిన పదార్థపు లవణాలు, ఎస్టర్లు, ఈథర్లు, ఐసోమర్లు (అవే పరమాణువులు వేరే అమరికలో ఉన్నవి), ఇతర ఉత్పన్నాలన్నీ ఆ పదార్థం కిందే లెక్క, సామర్థ్యంలో చెప్పుకోదగ్గ తేడా చూపితే తప్ప. దీన్ని అందరూ మందుల సెక్షన్‌గానే చూస్తారు. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు క్యాన్సర్ మందు గ్లివెక్ విషయంలో నోవార్టిస్‌కు వ్యతిరేకంగా ఇచ్చిన తీర్పు అలా గుర్తుండిపోయింది. కానీ సెక్షన్‌లో ఉన్నది 'పదార్థం' అనే మాట. ఎలక్ట్రోలైటూ పదార్థమే. ఆ తీర్పులోనే కోర్టు ఒక సంగతి స్పష్టం చేసింది: సామర్థ్యం అంటే ఏమిటన్నది ఆ వస్తువు ఏ పనికోసం తయారైందో దాన్నిబట్టి ఉంటుంది. మందు అయితే రోగం మీద పనిచేసే సామర్థ్యం. అందుకే నోవార్టిస్ అడిగిన ఆ మందు స్ఫటిక రూపం బాగా జారుతుందనీ, ఎక్కువ స్థిరంగా ఉంటుందనీ, తేమ తక్కువ పీల్చుకుంటుందనీ చెప్పినా అవి లెక్కలోకి రాలేదు.

ఇదే కొలబద్దను బ్యాటరీ దగ్గర పెట్టి చూడండి. ఎలక్ట్రోలైటు అణువు చేయాల్సిన పనే కరగడం, నిలవడం. లీటరు నీటిలో ఎంత కరిగితే ట్యాంకులో అంత కరెంటు. మందు విషయంలో పక్కకు పెట్టిన స్థిరత్వమే ఇక్కడ సామర్థ్యమైపోతుంది. 2018లో హార్వర్డ్ బృందమే 2,6 అణువు రెండు చివర్లా ఈథర్ బంధాలతో బ్యూటిరేట్ తోకలు తగిలించింది. చట్టంలోని జాబితా ప్రకారం ఇది ఈథర్ కాబట్టి పాత పదార్థమే. కానీ పీహెచ్ 12 దగ్గర, అంటే గట్టి క్షార ద్రావణంలో, అది పాత అణువు కంటే ఆరు రెట్లు ఎక్కువగా కరిగింది. కెపాసిటీ తరుగుదల రోజుకు 0.01 శాతం కంటే తక్కువని కొలిచారు, అంటే ఏడాదికి సుమారు మూడున్నర శాతం లోపు. పాతదీ కొత్తదీ ఒకే పరిస్థితుల్లో కొలిచి ఇలాంటి తేడా చూపితే, సెక్షన్ 3(డి) గడప దాటినట్టేనని నా ఉద్దేశం. తోక పొడవు ఒక కార్బన్ మార్చి, పక్కన పోలిక అంకెలు పెట్టని దరఖాస్తు దాటకూడదు.

అంకెల్లోనూ జాగ్రత్త పడాల్సిన చోటొకటి ఉంది. దరఖాస్తుల్లో 'సైకిల్‌కు 99.99 శాతం కెపాసిటీ నిలిచింది' అన్న వాక్యం చూస్తుంటాం. చదవడానికి ఘనంగా ఉంటుంది. సైకిల్ అంటే ఒకసారి చార్జి చేసి వాడేయడం. ఆ సైకిల్ ఎంతసేపు? చిన్న సెల్లులో పది నిమిషాలకొక సైకిల్ తిప్పారనుకోండి, రోజుకు 144. సైకిల్‌కు 0.01 శాతం చొప్పున రోజుకు దాదాపు 1.4 శాతం పోయింది. నెల తిరిగేసరికి 35 శాతం కెపాసిటీ మాయం. ఈ అణువులు చాలావరకు తిప్పినందుకు అరగవు, కాలం గడిచినకొద్దీ విడిపోతాయి. 2,6 అణువునే చూడండి: చార్జి అయిన స్థితిలో ఒక ఆక్సిజన్ కోల్పోయి ఆంత్రోన్‌గా మారుతుంది. ఆ ఆంత్రోన్లు రెండేసి అతుక్కుంటే ఇక వెనక్కి రావు. పంపు ఆగి ఉన్నా ట్యాంకులో ఈ పని జరుగుతూనే ఉంటుంది. కాబట్టి ఎగ్జామినర్ అడగాల్సింది రోజుకు ఎంత అని. ఇంకో తిరకాసు కూడా ఉంది: పరీక్షించే ద్రావణాన్ని ఎదురు ద్రావణం కంటే ఎక్కువగా పోస్తే, అది పాడవుతున్నా కొన్నాళ్లు పైకి తెలియదు. ఏ పక్క ఎంత పోశారో దరఖాస్తులో ఉండాలి.

మంచి ఆవిష్కరణ అణువులోనే ఉండాలని కూడా లేదు. 2019లో హార్వర్డ్ బృందం ఆంత్రోన్లు అతుక్కోకముందే గాలి తగిలేలా చేస్తే అవి మళ్లీ పని చేసే అణువులవుతాయనీ, చార్జిని పూర్తిగా నింపకుండా ఆపితే అసలు తక్కువే పుడతాయనీ చూపింది. కెపాసిటీ తగ్గే వేగం పది రెట్లకు పైగా పడిపోయింది. అణువు నూటయాభై ఏళ్ల నాటిది, దాన్ని కాపాడుకునే తీరు కొత్తది. ఇలాంటి నడిపే పద్ధతికి, ఆ పద్ధతి వరకే పేటెంటు ఇస్తే ఎవరికీ అన్యాయం లేదు. అదే అణువును ఇంకోలా వాడుకోదలచినవాళ్లకు దారి తెరిచే ఉంటుంది.

మన గోరింటాకు ఎరుపు లాసోన్ అనే క్వినోన్‌ది. అలాంటి రెండు లాసోన్లను జతకలిపిన బిస్‌లాసోన్‌తో 2019లో ఫ్లో బ్యాటరీ చేసి చూపించారు. ప్రకృతిలో ఉన్న లాసోన్‌ను సెక్షన్ 3(సి) ప్రకారం ఎవరూ సొంతం చేసుకోలేరు. దాని ఉత్పన్నాల మీద మాత్రం దరఖాస్తులు వస్తూనే ఉంటాయి, ఒక్కోదాన్నీ పైన చెప్పిన అంకెలతోనే తూచాలి. ఎగ్జామినర్ ఒక్కరే పాత జర్మన్ రంగుల పుస్తకాలన్నీ తిరగేయలేరు. చట్టం అందుకు ఒక ఏర్పాటు చేసింది. దరఖాస్తు ప్రచురితమయ్యాక, పేటెంటు మంజూరయ్యేలోపు, సెక్షన్ 25(1) కింద ఎవరైనా లిఖితంగా అభ్యంతరం దాఖలు చేయవచ్చు. పోటీ కంపెనీయే అయి ఉండనక్కర్లేదు. రంగుల రసాయనశాస్త్రం తెలిసిన ఒక కాలేజీ లెక్చరర్, పాత పత్రికలోని ఒక పేజీ, అందులో ఆ అణువు తయారీ విధానం ఉంటే చాలు.