నీళ్ల రిపోర్టులో రెండో కాలమ్

నల్గొండ జిల్లాలో ఏదో ఊరి బోరు నీళ్ల పరీక్ష రిపోర్టు మీ చేతికి వచ్చిందనుకోండి. ఫ్లోరైడ్ ఎదురుగా లీటరుకు 1.3 మిల్లీగ్రాములని ఉంది. ఈ నీళ్లు తాగొచ్చా?

మన దేశంలో తాగునీటికి కొలబద్ద ఐఎస్ 10500. భారతీయ ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన ఈ పత్రంలో పరిమితులు రెండు కాలమ్‌లలో ఉంటాయి. ఫ్లోరైడ్‌కు మొదటి కాలమ్‌లో 1.0, రెండో దాంట్లో 1.5. చాలామంది రెండో అంకె చూసి "లోపలే ఉందిగా" అని రిపోర్టు మడిచేస్తారు. ఆ కాలమ్ శీర్షికలోనే ఒక షరతుంది: వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రమే. గత్యంతరం లేని ఊళ్లకు ఇచ్చిన సడలింపు అది. మిషన్ భగీరథ పైపుల్లో కృష్ణా నీళ్లు ఇంటికి వస్తున్నచోట బోరుకు ఆ సడలింపు ఎందుకివ్వాలో నాకర్థం కాదు. అక్కడ 1.3 ఎక్కువే. ఫ్లోరైడ్ రంగుకు, వాసనకు దొరకదు. కాచినా పోదు. నీళ్లు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది కూడా. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) గురించి వైద్యులు 1937లోనే రాశారు.

నైట్రేట్‌కు మాత్రం రెండో కాలమ్‌లో అంకె లేదు, "సడలింపు లేదు" అనే ఉంటుంది. పరిమితి లీటరుకు 45 మిల్లీగ్రాములు. అమెరికాలో ఉన్న మనవాళ్లకు నీటి సరఫరా సంస్థ ఏటా ఇచ్చే నివేదికలో ఇదే నైట్రేట్‌కు 10 అని కనిపిస్తుంది. కంగారు పడక్కర్లేదు. వాళ్లు అందులోని నైట్రోజన్‌ను మాత్రమే తూస్తారు, మనం మొత్తం నైట్రేట్‌ను. 10ని 4.43తో గుణించి చూడండి, మన 45 దగ్గరికే వస్తుంది.

ఇక అందరి నోటా వినిపించే టీడీఎస్. దీనికి 500, రెండో కాలమ్‌లో 2000. ఇది నీటిలో కరిగిన ఉప్పుల లెక్క, అంతే. టీడీఎస్ 150 ఉన్న తేట నీళ్లలోనూ మలం నుంచి వచ్చే ఈ.కోలి బ్యాక్టీరియా ఉండొచ్చు, టీడీఎస్ కొలిచే పెన్నులాంటి మీటరుకు అది తెలియదు. ఆర్‌ఓ మిషన్లు అమ్మేవాళ్లు కొందరు రెండు గ్లాసుల్లో కడ్డీలు ముంచి కరెంటు ఇస్తారు. నల్లా నీళ్లు తుప్పు రంగుకు తిరుగుతాయి, చూసేవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. ఆ తుప్పు ఇనుప కడ్డీది! ఆర్‌ఓ నీళ్లలో ఉప్పులు తక్కువ, కరెంటు సరిగా పారదు, అందుకే తేటగా మిగులుతాయి.

రిపోర్టు ఎలాంటిదైనా నేను ముందు చూసేది శాంపిల్ ఎక్కడ పట్టారు, ఏ తేదీన పట్టారు అన్నది. జల్ జీవన్ మిషన్ నీటి నాణ్యత పోర్టల్‌లో ఊరివారీగా ఫలితాలు ఎవరైనా చూడొచ్చు. కానీ ఊరి పేరు కింద ఉన్నది చేతిపంపు ఫలితమా, బోరుదా, నల్లాదా అన్నది చూసుకోవాలి. సూక్ష్మజీవుల పరీక్ష ఏడాదికి కనీసం రెండుసార్లు, వానలకు ముందూ తర్వాతా చేయాలి. ఏప్రిల్‌లో బాగున్న రిపోర్టు ఆగస్టు నీళ్లకు పూచీ పడదు.

చోటు సంగతీ అంతే. ఓవర్‌హెడ్ ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ కలిపిన చోట క్లోరిన్ దండిగానే ఉంటుంది. అక్కణ్నుంచి పైపుల్లో పోతూ పోతూ ఖర్చయిపోతుంది. మన ఊళ్లలో నీళ్లు రోజంతా రావు. సరఫరా ఆగి పైపులో ఒత్తిడి పడిపోయినప్పుడు, మురికికాలువ పక్కనున్న పగుళ్లలోంచి బయటి నీరు లోపలికి వచ్చేస్తుంది. ఆ నీటితో వచ్చే సూక్ష్మజీవులను చంపడానికే చివరి నల్లా దాకా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలంటారు. దీనికి ల్యాబు అక్కర్లేదు. క్లోరిన్ చూసే చిన్న పరికరం క్లోరోస్కోప్, దాని గొట్టంలో వీధి చివరి ఇంటి నీళ్లు పట్టి, మందు చుక్కలు వేస్తే పసుపు రంగు తేలాలి. తేలలేదంటే, ట్యాంకు దగ్గర రాసుకున్న రిపోర్టులో ఏమున్నా సరే, ఆ ఇంటికి క్లోరిన్ చేరలేదు.