వానాకాలం దీవి కొండాయి: వచ్చేవాళ్లు పెట్టుకునే అపోహలు, అసలు సంగతులు

నేను ఉండేది హనుమకొండలో. ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం వైపు మనుషుల్ని తీసుకెళ్లి చూపించడం నా పని. రామప్ప, లక్నవరం, మేడారం, బొగత జలపాతం... ఈ నాలుగూ అందరూ అడిగేవే. ఈ మధ్య మాత్రం ఫోన్ చేసి "అన్నా, వాగు మధ్యల దీవి లెక్క ఒక ఊరుందట కదా, చూపిస్తవా?" అనేవాళ్లు ఎక్కువయ్యారు. వాళ్లు అడిగేది కొండాయి గురించి. ఏటూరునాగారం మండలంలో, జంపన్నవాగు పక్కన ఉన్న చిన్న ఏజెన్సీ ఊరు. చూపిస్తాను, అభ్యంతరం లేదు. కాకపోతే బండి ఎక్కే ముందే కొన్ని విషయాలు మాట్లాడుకుంటే అక్కడికి పోయాక నాకూ మీకూ గొడవ ఉండదు.

అపోహ: ఏడాదంతా చుట్టూ నీళ్లే ఉంటాయి

ఒక ఫిబ్రవరిలో హైదరాబాద్ నుంచి వచ్చినాయన ఊరంతా తిరిగి, టీ తాగి, చివరికి నన్ను పక్కకు పిలిచి అడిగాడు: "ఇంతకీ దీవి ఎక్కడ?" ఆయన తప్పేం లేదు. ఎవరో ఆగస్టులో పైనుంచి తీసిన వీడియో చూసి వచ్చాడు.

కొండాయిని దీవిని చేసేది జంపన్నవాగు. అది కూడా వానాకాలంలోనే. వాగు పొంగితే దారులు తెగిపోతాయి, ఊరు ఊరుగా విడిగా మిగిలిపోతుంది. చలికాలం వచ్చేసరికి సన్నటి పాయ. ఎండాకాలంలో చాలా చోట్ల ఉత్త ఇసుకే. మే నెలలో ఆ ఇసుకలో చెలిమె తవ్వడం చూడాలి. మోచేతి లోతు తోడితే గుంట అడుగున తడి తేలుతుంది. కాసేపటికి నీళ్లు ఊరతాయి, ముందు బురదగా. రెండు మూడు చెంబులు పారబోస్తే తేటపడతాయి. గుంట గోడలు జారకుండా ఆడవాళ్లు అరచేత్తో ఇసుకను అదిమే తీరు ఒకటుంది. నేను తవ్విన చెలిమె ప్రతిసారీ కూలిపోతుంది.

కాబట్టి నీళ్లు చూడాలంటే ఒక కాలం, ఊరు చూడాలంటే ఇంకో కాలం. నన్నడిగితే నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా రండి. దీవి కనపడదు, ఊరు కనపడుతుంది.

అపోహ: పైన మబ్బు లేకపోతే వాగు దాటొచ్చు

దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఎందుకంటే ఈ అపోహలో నేనూ ఒకప్పుడు ఉన్నవాణ్నే.

ఏడెనిమిదేళ్ల కింద, ఆగస్టు నెల. వాగు అవతల ఉన్న ఒక చిన్న ఊరికి ఒక కుటుంబాన్ని తీసుకెళ్లా. కొండాయి కాదు, వేరే ఊరు. పొద్దున తొమ్మిదింటికి నీళ్లు మోకాలి లోతు లేవు. అడుగున ఇసుక కనపడుతోంది. ఎండ చుర్రుమంటోంది. అవతలి ఒడ్డున ఒక అవ్వ నీటి అంచుకు జానెడు దూరంలో వెదురు పుల్ల గుచ్చుతోంది. ఎందుకవ్వా అంటే "నీళ్లు పుల్ల కాడికొస్తే ఎల్లిపోవాలె బిడ్డా, మల్ల ఆగొద్దు" అంది. సరే అని నవ్వి ఊళ్లోకి పోయాం.

రెండింటికి తిరిగొస్తే పుల్ల లేదు. అది గుచ్చిన చోటు ఎక్కడో కూడా తెలియలేదు. నీళ్లు టీ రంగులోకి మారాయి. మీద నురగ, ఎండుటాకులు, విరిగిన కొమ్మలు. లోతు నడుము దాటి ఉంది. నాతో ఇద్దరు చిన్నపిల్లలున్నారు. మా మీద ఒక్క చుక్క పడలేదు. పైన అడవిలో కురిసిన వాన అది, మా దగ్గరికి చేరడానికి అంతసేపు పట్టింది, అంతే.

ఆ రాత్రి ఆ అవ్వ ఇంట్లోనే ఉన్నాం. అన్నం, చింతపండు చారు పెట్టింది. తెల్లారి పదకొండింటికి గానీ వాగు దిగనివ్వలేదు. ఆ కుటుంబాయన నన్ను ఒక్క మాట అనలేదు. మళ్లీ ఎప్పుడూ ఫోన్ కూడా చేయలేదు.

అప్పటినుంచి నేను ఆకాశం చూడటం మానేసి నీళ్లను చూస్తున్నా. రంగు మారినా, ఆకులు గుంపుగా తేలుతూ వచ్చినా, నురగ కట్టినా లోపల ఎంత సరదాగా ఉన్నా వెనక్కి బయలుదేరడమే. పుల్ల గుచ్చడం నేనూ నేర్చుకున్నా. ఒకటి కాదు, రెండు గుచ్చుతా. మొదటిది మునిగిందంటే అందర్నీ పిలవాలని గుర్తు.

వాన ఎంత పడగలదో లెక్క కావాలంటే ఇదిగో. 2023 జూలై 26 ఉదయం నుంచి 27 ఉదయం దాకా 24 గంటల్లో ఇదే ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు నమోదైంది. రాష్ట్రంలో అదే రికార్డు. దానికి ముందున్న రికార్డు కూడా ఇప్పుడు ఈ జిల్లాలోనే ఉన్న వాజేడుది: 2013 జూలైలో 517.5 మిల్లీమీటర్లు. 2023 నాటి ఆ వరదకే జంపన్నవాగు కొండాయి మీద పడింది. ఎనిమిది మంది కొట్టుకుపోయి చనిపోయారు. దొడ్ల, కొండాయి మధ్య వంతెన పోయింది.

ఇంకో మాట. కొందరు టీవీలో భద్రాచలం నీటిమట్టం చూసి ధైర్యం తెచ్చుకుంటారు. అక్కడ 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఇంకా 43 దాటలేదు కదా, మనకేం భయం అంటారు. ఆ లెక్క గోదావరిది, వాగుది కాదు. వాగు గంటల్లో లేస్తుంది, గంటల్లో దిగుతుంది. గోదావరి నిండుగా ఉన్నప్పుడు మాత్రం ఇంకో చిక్కు వస్తుంది. వాగు నీళ్లు నదిలో కలవడానికి చోటు దొరకక వెనక్కి తన్నుతాయి. అప్పుడు దిగాల్సిన నీళ్లు దిగవు. ఆ రోజుల్లో ఏటూరునాగారం దగ్గర రామన్నగూడెం పుష్కరఘాట్‌లో గోదావరి ఎంతుందో కూడా కనుక్కుంటా.

అపోహ: లక్నవరం దీవులూ ఇదీ ఒకటే

పేరుకు రెండూ దీవులే. లక్నవరం గోవిందరావుపేట మండలంలో కాకతీయుల కాలంలో కొండల మధ్య కట్ట వేసి నింపిన చెరువు. నీళ్లు నిండాక మునగకుండా మిగిలిన గుట్టల తలలే అక్కడి దీవులు. పదమూడు అంటారు. వేలాడే వంతెనలు, బోట్లు, కాటేజీలు అన్నీ ఉంటాయి. ఊళ్లు మాత్రం ఉండవు. కుటుంబంతో పోయి రెండు రోజులు హాయిగా ఉండాలంటే అక్కడికే పొండి, నేనే చెప్తా. కొండాయిలో మనుషులు బతుకుతున్నారు. వాళ్లకు వాగు వ్యూ పాయింట్ కాదు, ఆస్పత్రికి పోయే దారిలో అడ్డం.

రెండింటికీ ఒక సంబంధం ఉంది, చాలామందికి తెలియదు. మేడారం జాతరకు జంపన్నవాగులో స్నానాలకు నీళ్లు చాలకపోతే లక్నవరం నుంచి వదులుతారు.

అన్నట్టు, గోదావరి మధ్యలో ఉండే దీవుల్ని జగిత్యాల, పెద్దపల్లి వైపు 'కుర్రు' అంటారు. కోనసీమ లంకల్లా కొబ్బరితోటలు, ఊళ్లు ఊహించుకోకండి. పంట వేసుకుని, పనికి పోయి, సాయంత్రానికి తిరిగొచ్చే చోట్లు అవి. 2022 జూలైలో జగిత్యాల జిల్లా బోర్నపల్లి దగ్గర కుర్రులో పనికి పోయిన తొమ్మిది మంది వరదలో చిక్కుకుపోయారు, తర్వాత క్షేమంగా బయటపడ్డారు. రోజూ పోయివచ్చే వాళ్ల పరిస్థితే అది. "ఒక నైట్ క్యాంపింగ్ వేద్దామా అన్నా" అని అడిగేవాళ్లకు నేను ఈ ముక్క చెప్పి ఊరుకుంటా.

అపోహ: అక్కడ చూడ్డానికి ఏముంది?

సమ్మక్క సారలమ్మల గురించి తెలిసినవాళ్లు ఈ మాట అనరు. సమ్మక్క చిలకలగుట్ట నుంచి, సారలమ్మ కన్నెపల్లి నుంచి వస్తారని అందరికీ తెలుసు. సమ్మక్క భర్త పగిడిద్దరాజు పూనుగొండ్ల నుంచి వస్తాడు. సారలమ్మ భర్త గోవిందరాజు వచ్చేది ఈ కొండాయి నుంచే. రెండేళ్లకోసారి మాఘమాసంలో జాతర మొదలయ్యే బుధవారం నాటికి పూజారులు గోవిందరాజును తీసుకుని మేడారం గద్దెల దగ్గరికి చేరుకుంటారు. ఆ రాత్రి సారలమ్మతో పాటు ఆయనా, పగిడిద్దరాజూ గద్దెల మీదికి వస్తారు. సమ్మక్క మర్నాడు. మేడారంలో లక్షల మంది మధ్య నలిగిపోతూ చూసిన దేవుడి ఇల్లు ఇంత నిమ్మళంగా ఉంటుందా అని ఇక్కడికి వచ్చినవాళ్లు ఆశ్చర్యపోతారు.

వాగు పేరు కూడా ఆ కథలోదే. ముందు సంపెంగ వాగు. కాకతీయుల సైన్యంతో పోరాడి సమ్మక్క కొడుకు జంపన్న ఇందులో ప్రాణం వదిలాక జంపన్నవాగు అయింది. నీళ్ల ఎరుపు ఆయన నెత్తురే అని భక్తులంటారు.

గుడి దగ్గర ఒక్క మాట. జాతర పనులు నడిచే రోజుల్లో పూజ లోపల ఏం జరుగుతోందని తొంగిచూడటం, కెమెరా పట్టుకుని దూరడం వద్దు. పూజారి కుటుంబం వాళ్లను అడగండి. రమ్మంటే వెళ్లండి, ఆగమంటే ఆగండి.

అపోహ: ఆదివాసీ ఊరంటే డ్యాన్సు, బొంగు చికెన్

ఈ రెండూ అడగని బ్యాచ్ లేదు. బొంగు చికెన్ అరకు వైపు పేరుపడ్డ వంట. ఇక్కడ ఏదైనా ఇంట్లో ముందురోజే చెప్పుకుంటే నాటుకోడి కూర, అన్నం వండి పెడతారు. డబ్బులు మొహమాటం లేకుండా ఇవ్వండి. ఆట, డోలు పండగలకు, పెళ్లిళ్లకు. మనం వచ్చామని ఆడరు, ఆడించాలని చూడకండి.

మార్చి, ఏప్రిల్‌లో తెల్లవారకముందే ఇప్పపువ్వు ఏరడానికి పోతారు. ఆ వెంటనే తునికాకు. ఆ రోజుల్లో పొద్దున పదింటికి వస్తే తలుపులు వేసి ఉంటాయి. "ఊళ్లో ఎవరూ లేరేంటి, వలస పోయారా?" అని ఒకావిడ జాలిపడింది. పోలేదమ్మా, పనికి పోయారు.

అపోహ: బాగుంది, ఒక ఎకరం కొని ఫామ్‌హౌస్ వేద్దాం

కుదరదు. ఇది షెడ్యూల్డ్ ప్రాంతం. 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులు ఇక్కడ భూమి కొనలేరు. ఎవరైనా "కాగితం రాయిస్తా, నేను చూసుకుంటా" అంటే ఆ కాగితం దేనికీ పనికిరాదు. రేట్లు అడిగేవాళ్లను నేను రెండోసారి తీసుకెళ్లను.

అపోహ: మ్యాప్ పెట్టుకుని మేమే పోతాం

హనుమకొండ నుంచి ములుగు, గోవిందరావుపేట, పస్రా, తాడ్వాయి మీదుగా ఏటూరునాగారం పోయే 163వ నంబరు జాతీయ రహదారి బాగుంటుంది. ఏటూరునాగారం దాకా పోవడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. అక్కడినుంచి లోపలికి తిరిగాకే సమస్య. దొడ్ల దగ్గర ఆ రోజు దాటే ఏర్పాటు ఏముంది, నడకా పడవా అనేది మ్యాప్‌కు తెలియదు. ఏటూరునాగారం బస్టాండ్ దగ్గర ఆటోవాళ్లను అడగండి. ఒకరిని కాదు, ఇద్దర్ని. వానాకాలంలో మేడారం నుంచి అడ్డదారిన అడవిలో పడి రావాలనుకోవడం ఇంకా తెలివితక్కువ పని. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో వేల చెట్లు ఒక్క గాలికి కూలిపోయాయి. పైగా ఇది 1952 నుంచి అభయారణ్యం. చీకటి పడ్డాక ఇక్కడ తిరగొద్దు.

రూములు ఊళ్లో ఉండవు. తాడ్వాయి, మేడారం, లక్నవరం, ఏటూరునాగారం, వీటిలో ఎక్కడో ఒకచోట బస చేసి పగటిపూట వచ్చి పోవాలి. సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి. ఫోన్‌పే పనిచేయకపోవచ్చు, చిల్లర నోట్లు ఉంచుకోండి. దోమల మందు మర్చిపోవద్దు, ఏజెన్సీ జ్వరాలు సరదా కాదు. కొట్టుకుపోయిన వంతెన దగ్గర నవ్వుతూ సెల్ఫీలు తీసుకోకండి. ఆ రోజు పోయినవాళ్ల ఇళ్లు ఆ ఊళ్లోనే ఉన్నాయి.

అపోహ: పడవ ఉంటే ఇక టెన్షన్ లేదు

నాటుపడవకు టైంటేబుల్ ఉండదు. పడవ నడిపే ఆయనకు పొలం ఉంటుంది, మేకలుంటాయి. పోను, రాను రెండిటికీ ముందే మాట్లాడుకోండి, ఎన్ని గంటలకో ఆయన నోటితోనే చెప్పించుకోండి. పడవలో నిలబడకండి, పిల్లల్ని అంచున కూర్చోబెట్టకండి. ఎంతమందిని ఎక్కించాలో ఆయన చెప్పినదాన్ని తగ్గించండి గానీ పెంచకండి. దిగబెట్టి ఆయన అవతలి ఒడ్డుకు వెళ్లిపోయాక మీకు తొందర పడిందనుకోండి, ఎంత అరిచినా వాగు హోరులో వినపడదు. చెయ్యి ఊపితే చెట్ల మధ్య కనపడదు. అందుకే నా బ్యాగులో ఎర్ర తువ్వాల ఒకటి ఎప్పుడూ ఉంటుంది.