కూరగాయలిచ్చి నాటకం చూసిన ఊరు

వేదిక మీద సెట్ ఉండదు, వేషాలుండవు. నటులు చేతుల్లో నాటక ప్రతులు పట్టుకుని చదువుతారు. ‘తలుపు తెరుచుకుంది, తల్లి లోపలికి వచ్చింది’ వంటి రంగసూచనలను పక్కన ఇంకొకరు వినిపిస్తారు. చదవడం పూర్తయ్యాక అసలు పని మొదలవుతుంది. రచయిత ఎదుటే ప్రేక్షకులు నోరు విప్పుతారు. ఏ పాత్రను నమ్మారో, ఎక్కడ విసుగు పుట్టిందో, మా కొండల్లో ఎవరూ అలా మాట్లాడరని ఏ మాట దగ్గర అనిపించిందో చెబుతారు. రచయిత రాసుకుంటూ కూర్చుంటారు.

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం నైరుతి మూలన ఆబింగ్డన్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి బార్టర్ థియేటర్ ఈ శతాబ్దం తొలినాళ్ల నుంచి అప్పలాచా నాటకాల, నాటక రచయితల ఉత్సవాన్ని ఇలాగే నడుపుతోంది. అమెరికా తూర్పు భాగంలోని ఈ పర్వత ప్రాంతం పేరును బయటివాళ్లు ఎక్కువగా ‘అప్పలేషియా’ అంటారు. దక్షిణ కొండల ప్రజలు ‘అప్పలాచా’ అంటారు, తప్పుగా పలికితే సరిదిద్దుతారు కూడా. వాళ్ల పేరు వాళ్లు పలికినట్టే రాయడం న్యాయమని నాకనిపిస్తుంది.

బార్టర్ కథ 1933 జూన్ 10న మొదలైంది. అది అమెరికా ఆర్థిక వ్యవస్థ కుప్పకూలిన మహామాంద్యం కాలం. న్యూయార్క్‌లో నటులకు పని లేదు, తిండికీ కటకటే. వర్జీనియా కొండల్లో పండిన పంటకు కొనేవాళ్లు లేరు. ఆ ప్రాంతానికే చెందిన నటుడు రాబర్ట్ పోర్టర్‌ఫీల్డ్ ఈ రెండు కరవులనూ ఒకచోట చేర్చాడు. ఇరవై మందికి పైగా నటులను వెంటబెట్టుకుని సొంత సీమకు వచ్చి, టిక్కెట్టు 40 సెంట్లు లేదా అంత విలువైన పంట అని ప్రకటించాడు. జనం కూరగాయలు, పాలు, వెన్న, కోళ్లు, పందిపిల్లలతో వచ్చారు. ప్రతి ఐదుగురిలో నలుగురు సరుకుతోనే టిక్కెట్టు కొన్నారని థియేటర్ చరిత్ర చెబుతుంది. మొదటి సీజను ముగిసేసరికి లాభం 4 డాలర్ల 35 సెంట్లు, రెండు పీపాల జెల్లీ. నటులంతా కలిసి పెరిగిన బరువు 300 పౌండ్లు. రచయితలకు రాయల్టీగా పొగపెట్టిన పంది తొడ మాంసం పంపేవారు. శాకాహారి అయిన జార్జ్ బెర్నార్డ్ షా తనకు పాలకూర పంపమన్నాడు.

ఈ కథ ఎంతో మందికి తెలుసు, మళ్లీ మళ్లీ చెప్పుకోదగినదే. అయితే అందులో ఒక సంగతి మీద ఎవరి చూపూ నిలవదు. ఆ మొదటి రోజు ఆడిన ‘ఆఫ్టర్ టుమారో’ న్యూయార్క్ రంగస్థలం నుంచి వచ్చిన నాటకం. రైతు తన చేలో పండించింది ఇచ్చి చూసింది పరాయి ఊరి కథ. 1946లో బార్టర్ వర్జీనియా రాష్ట్ర అధికారిక థియేటర్ అయింది. గ్రెగరీ పెక్, ఎర్నెస్ట్ బోర్గ్నైన్, ప్యాట్రీషియా నీల్ వంటివారు అక్కడ నటించి వెళ్లారు. అయినా ఆ చుట్టుపక్కల జీవితం మీద కొత్త నాటకాలు రాయించడానికే ఒక ఉత్సవం పుట్టడానికి దాదాపు 70 ఏళ్లు పట్టింది.

ఆలోగా ఆ కొండల కథ ఎవరూ చెప్పలేదా అంటే, చెప్పారు. కాకపోతే చెప్పినవాళ్లలో చాలామంది బయటివాళ్లు. 1860ల నాటి అమెరికా అంతర్యుద్ధం తర్వాత పత్రికా రచయితలు కొండలెక్కి వింత మనుషుల గురించి కథలు పంపారు. 1899లో కెంటకీలోని బెరియా కళాశాల అధ్యక్షుడు విలియం గుడెల్ ఫ్రాస్ట్ ఈ ప్రజలను ‘మన సమకాలీన పూర్వీకులు’ అన్నాడు. ఆయన ఉద్దేశం సాయం కూడగట్టడమే. కానీ ఆ మాటతో బతికున్న మనుషులు గతంలో మిగిలిపోయినవాళ్లుగా ముద్రపడ్డారు. మరుసటి ఏడాదే కొండల మనుషులను చిన్నచూపు చూసే ‘హిల్‌బిల్లీ’ అనే పదం న్యూయార్క్ పత్రికలో అచ్చయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే రైలు మార్గాలు, కలప, బొగ్గు కంపెనీలు వచ్చాయి. తూర్పు కెంటకీలో భూమి మీది హక్కు రైతుకే వదిలి, కింది ఖనిజ హక్కులను కారుచౌకగా రాయించుకున్నారు. కొన్నిచోట్ల ఎకరానికి 50 సెంట్లే. ఆ పత్రాలను చూపి, దశాబ్దాల తర్వాత మనవళ్ల కాలంలో ఉపరితల గనుల కోసం పొలాలు తవ్వేశారు. దీన్ని అడ్డుకునే రాష్ట్ర రాజ్యాంగ సవరణను కెంటకీ ఓటర్లు 1988లో గానీ ఆమోదించలేదు. నేటి అప్పలాచా నాటకాల్లో భూమి, సంతకం, అమ్ముకున్నామన్న బాధ ఇంతగా ఎందుకు కనిపిస్తాయో ఈ కాగితాలే చెబుతాయి.

నాటకరంగంలో తొలి మలుపు 1918లో వచ్చింది. ఫ్రెడరిక్ కోచ్ నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో కరోలినా ప్లేమేకర్స్ అనే నాటక బృందాన్ని ప్రారంభించి, మీకు తెలిసిన మనుషుల గురించి రాయండని విద్యార్థులకు చెప్పాడు. 1950లో అదే రాష్ట్రంలోని చెరోకీ పట్టణంలో ‘అంటు దీజ్ హిల్స్’ అనే ఆరుబయలు నాటకం మొదలై లక్షల మందిని రప్పించింది. అది చెరోకీ అనే ఆదివాసీ జాతి కథే అయినా, ముఖ్య పాత్రలు చాలాకాలం ఇతరులే వేశారు. 2006లో గానీ దాన్ని ఆదివాసీ రచయితతో తిరగరాయించలేదు.

నా దృష్టిలో అసలు పునాది పడింది 1975లో, కెంటకీలోని వైట్స్‌బర్గ్ అనే బొగ్గు గనుల ఊళ్లో. అక్కడి యాపల్‌షాప్ అనే కళల సంస్థ నుంచి రోడ్‌సైడ్ థియేటర్ పుట్టింది. ఆ కళాకారులకు నాటక సంప్రదాయమంటే ఇంటి అరుగు మీది కథలు, చర్చిలో పాట, తాతల నోటి మాట. వాళ్లు పెంచిన ‘కథల వలయం’ పద్ధతి చూడటానికి తేలిక, చేయడానికి కష్టం. అందరూ గుండ్రంగా కూర్చుంటారు. ఒక్కొక్కరు తమ బతుకులో జరిగినది చెబుతారు. మధ్యలో అడ్డు తగలకూడదు, వాదించకూడదు. నీ కథకు సిద్ధమవడం కన్నా పక్కవాడి కథ వినడమే ముఖ్యం. అలా పోగైన మాటల్లోంచి నాటకం అల్లుతారు. న్యూ ఆర్లీన్స్‌లోని నల్లజాతి నాటక బృందం జూన్‌బగ్‌తో కలిసి చేసిన ‘జూన్‌బగ్/జాక్’ పేదరికం, జాతివివక్ష రెండింటినీ ఒకే వేదిక మీదికి తెచ్చింది.

1992లో రాబర్ట్ షెన్కన్ రాసిన ‘ది కెంటకీ సైకిల్’కు పులిట్జర్ బహుమతి వచ్చింది. తొమ్మిది చిన్న నాటకాలు, రెండు వందల ఏళ్ల కథ, ఆరు గంటల ప్రదర్శన. న్యూయార్క్‌లో ఆడకముందే ఆ బహుమతి పొందిన మొదటి నాటకం అదే. గని యజమానుల దోపిడీని అది దాచలేదు. అయినా అప్పలాచా రచయితలు, పరిశోధకులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. రచయిత ఆ ప్రాంతంలో గడిపిన సమయం చాలా తక్కువ. కథ నిండా అత్యాశ, పగ, హత్యలు. పాటలు, ఇరుగుపొరుగు అనుబంధాలు, హాస్యం ఏవని వాళ్లు అడిగారు. నేను వాళ్ల పక్షమే. బయటివాడు రాయకూడదని కాదు. రాసిన తర్వాత, ఎవరి గురించి రాశాడో వాళ్లు మాట్లాడే చోటు ఉండాలి.

కొండల మనుషులంటే ఎవరు అన్న ప్రశ్న కూడా అప్పుడే పదునెక్కింది. నిఘంటువులో అప్పలాచా వాసులంటే తెల్లవారేనన్న అర్థం చూసి, కెంటకీ కవి ఫ్రాంక్ ఎక్స్ వాకర్ 1991లో ‘ఆఫ్రికన్’, ‘అప్పలాచియన్’ పదాలను కలిపి ‘అఫ్రిలాచియన్’ అనే మాట పుట్టించాడు. 2005లో కెంటకీలోని హార్లన్ కౌంటీ ప్రజలు ‘హయ్యర్ గ్రౌండ్’ పేరుతో తమ ఊరినే కమ్మేసిన నొప్పి మాత్రల వ్యసనం మీద నాటకం ఆడారు. అందులో నటించినవారిలో ఎక్కువమంది వృత్తి నటులు కారు, ఆ ఊరివాళ్లే.

ఆబింగ్డన్ ఉత్సవానికి నాటకం పంపేవారికి ఉన్న నియమాన్ని ఈ చరిత్ర వెలుగులో చదవాలి. రచయిత అప్పలాచా ప్రాంతంవారై ఉండాలి, లేదా కథ ఆ ప్రాంతంలో జరగాలి. ఆ ‘లేదా’ బయటివారికి తలుపు తెరిచే ఉంచుతుంది. ఊరు వదిలి వెళ్లినవారి పిల్లలకూ అదే దారి. వచ్చినవారు మాత్రం ప్రతి పట్టుకుని, పొలాన్నో గనినో తమ బతుకుగా ఎరిగినవాళ్ల ముందు దాన్ని చదివించాల్సిందే.