ఉలుకూ పలుకూ లేదంటే హాయిగా ఉన్నట్టేనా?

వాషింగ్టన్‌లోని నేషనల్ జూలో పిగ్‌ఫేస్ అనే మెత్తటి డిప్ప తాబేలు ఉండేది. నైలు నది జాతి. యాభై ఏళ్లకు పైగా అక్కడే బతికింది. ముసలితనంలో అది గోళ్లతో తన మెడనే రక్కుకునేది, ముందుకాళ్లు కొరుక్కునేది, పుండ్లు పడేవి. సిబ్బంది తొట్టెలో బంతులు, కర్రలు, రబ్బరు గొట్టంతో చేసిన రింగు వేశారు. అది బంతిని ముక్కుతో నెట్టేది, రింగులోంచి దూరేది, నీళ్లు పట్టే గొట్టం పట్టుకుని లాగేది. రక్కుకోవడం బాగా తగ్గిపోయింది. టెన్నెసీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త గోర్డన్ బర్గార్ట్ బృందం ఈ సంగతి 1996లో ప్రచురించింది. అప్పటికే పిగ్‌ఫేస్ లేదు.

తాబేలుకూ ఏమీ తోచకపోవడం ఉంటుందని ఒప్పుకోవడానికి ఇంతకాలం ఎందుకు పట్టింది? కోతి బోనులో అటూ ఇటూ తిరుగుతుంటే జాలేస్తుంది. పాము చుట్ట చుట్టుకుని పడుంటే సుఖంగా ఉందనుకుంటాం. నా దృష్టిలో అసలు చిక్కు అక్కడే.

లండన్ జూ 1849లోనే సరీసృపాలకు ప్రత్యేక భవనం తెరిచింది. చూసేవాళ్లకు కనిపిస్తే చాలన్న రోజులవి. 1927లో అక్కడి సరీసృపాల విభాగం చూసుకునే జోన్ ప్రాక్టర్ రూపొందించిన కొత్త భవనంలో వేడికీ వెలుగుకీ వేర్వేరు ఏర్పాట్లు వచ్చాయి. 1944లో అమెరికాలో కౌల్స్, బోగర్ట్ అనే శాస్త్రవేత్తలు ఎడారి సరీసృపాలు ఎండకీ నీడకీ మారుతూ ఒంటి వేడిని తామే సర్దుకుంటాయని చూపించారు. అంటే బోనంతా ఒకే వేడి ఉంచితే ఆ వీలు లాగేసుకున్నట్టే. యూవీబీ కాంతి (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు) సంగతి ఆ తర్వాత గట్టిపడింది. అది అందకపోతే కాల్షియం ఒంటబట్టక ఎముకలు మెత్తబడతాయి, డిప్ప వంకర పోతుంది.

మన దేశంలో ముందు ప్రాణం నిలబెట్టడమే పెద్ద పని. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం, 1975లో మొసళ్ల ప్రాజెక్టు వచ్చాయి. హైదరాబాద్‌లో మొసళ్ల పెంపకంపై కేంద్ర శిక్షణ సంస్థ పెట్టారు. మంజీరా అభయారణ్యం మొసళ్ల కోసమే ఏర్పడింది. ఎన్ని పిల్లలు బతికాయన్నదే అప్పటి లెక్క, అది న్యాయం కూడా. ఇప్పుడు చెన్నై దగ్గరి మొసళ్ల బ్యాంకు అనే సంరక్షణ కేంద్రంలో పేరు పెట్టి పిలిస్తే వచ్చేలా మొసళ్లకు శిక్షణ ఇస్తున్నారు.

ప్రాణం నిలబెట్టడంతో పాటు బుర్రకూ పని పెట్టే ఈ మార్పు ఇళ్లలోని గాజు తొట్టెల దాకా రాలేదు. నక్షత్ర తాబేలును ఇంట్లో పెంచడం నేరం. అయినా పెంచేవాళ్లున్నారు. అక్వేరియం షాపుల్లో కొన్న ఎర్రచెవుల తాబేలు గంటల తరబడి అద్దం గీకుతుంటే "మనల్ని చూసి సంబరపడుతోంది" అంటారు. నిజానికి అది బయటపడే దారి వెతుక్కుంటూ ఉండొచ్చు. ఎర్రచెవుల తాబేలు ఇప్పటికే ఇంట్లో ఉంటే పెద్ద తొట్టె, ఎక్కి కూర్చునే రాయి, యూవీబీ దీపం పెట్టండి. సాకలేక చెరువులో మాత్రం వదలొద్దు, అక్కడి తాబేళ్ల తిండికీ చోటుకీ అది పోటీ అవుతుంది.