తెలుగులో ఆలోచిస్తే ఇంగ్లీషు రాదా? కొన్ని అపోహలు, వాస్తవాలు

స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసుకి మొదటిరోజు వచ్చేవాళ్లలో చాలామంది దాదాపు ఒకే మాట చెబుతారు. "మేడమ్, నాకు ఆలోచనలన్నీ తెలుగులోనే వస్తాయి, అందుకే ఇంగ్లీషు రావట్లేదు." ఆ మాట వాళ్లకి ఎవరో చెప్పి ఉంటారు. ఇంట్లో తెలుగు తగ్గించమని, తెలుగు పేపర్ మానేయమని కూడా సలహా ఇచ్చి ఉంటారు. పదిహేనేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది, ఎందుకంటే మనం చేసే తప్పుల్లో చాలావాటికి మందు మన తెలుగులోనే ఉంది.

అపోహ: తెలుగులో ఆలోచించడం వల్లే గ్రామర్ తప్పులు వస్తాయి.

వాస్తవం: తెలుగుని పైపైన చూసి వదిలేయడం వల్ల వస్తాయి. "ఐ డిడ్ నాట్ వెంట్" అనే తప్పునే తీసుకోండి. "వెళ్లాను" అన్నదాన్ని కాదనాలంటే తెలుగులో ఏమంటాం? "వెళ్లాను లేదు" అనం కదా. "వెళ్లలేదు" అంటాం. 'లేదు' వచ్చి చేరగానే 'వెళ్లాను' తన తోక వదిలేసుకుని 'వెళ్ల' అయిపోయింది. ఇంగ్లీషులో జరిగేదీ అదే. అయిపోయిన కాలాన్ని 'డిడ్' మోస్తోంది కాబట్టి 'వెంట్' తన బరువు దించుకుని 'గో' అవుతుంది: "ఐ డిడ్ నాట్ గో." ఇలా చెప్పాక మళ్లీ ఆ తప్పు చేసినవాళ్లు నా క్లాసులో తక్కువ.

ఇంకొకటి, ఇంజనీరింగ్ చదివినవాళ్లు కూడా చేసేది: "ఐ డోంట్ నో వేర్ ఈజ్ హి." విడిగా అడిగితే "వేర్ ఈజ్ హి?" సరైనదే. దాన్ని పెద్ద వాక్యంలో ఇమిడ్చినప్పుడే చిక్కు. తెలుగులో చూడండి: "అతను ఎక్కడున్నాడు?" అనేది "అతను ఎక్కడున్నాడో నాకు తెలియదు" అయింది. చివర ఒక 'ఓ' చేరింది. ప్రశ్న ఇక ప్రశ్నగా లేదు, వాక్యంలో ఒక ముక్క అయింది అని ఆ 'ఓ' చెబుతోంది. ఇంగ్లీషుకి 'ఓ' లేదు కాబట్టి అది మాటల వరస మార్చి ఆ సంగతి చెబుతుంది: "ఐ డోంట్ నో వేర్ హి ఈజ్." అందుకే మా పిల్లలకి ఒకటే చెబుతాను. తెలుగులో 'ఓ' వినిపిస్తే 'ఈజ్' వెనక్కి వెళ్లాలి. "ధర ఎంతో చెప్పండి", "మీటింగ్ ఎప్పుడో కనుక్కో", అన్నిటికీ ఇదే లెక్క.

అపోహ: 'సిన్స్', 'ఫర్' తేడా బట్టీ పట్టాల్సిందే.

వాస్తవం: కిందటేడు ఒక నర్సు క్లాసుకి వచ్చేది. నైట్ డ్యూటీ దిగి, మొహం కడుక్కుని నేరుగా వచ్చేది. విదేశంలో ఉద్యోగానికి పరీక్ష రాయాలి, అదే టెన్షన్. పేషెంట్ గురించి చెప్పమంటే "పేషెంట్ ఈజ్ హేవింగ్ ఫీవర్ ఫ్రమ్ త్రీ డేస్" అంది. నోట్సులో 'సిన్స్' రూల్ ఎర్ర పెన్నుతో, 'ఫర్' రూల్ నీలం పెన్నుతో రాసుకుంది. నోరు తెరిస్తే మాత్రం 'ఫ్రమ్' వచ్చేస్తోంది.

ఆమె తప్పేం లేదు. "మూడు రోజుల నుంచి జ్వరం", "సోమవారం నుంచి జ్వరం" అని రెండుచోట్లా మనం 'నుంచి' అంటాం. దాన్ని పట్టుకుని 'ఫ్రమ్' అనేస్తాం. "ఇదే సంగతి 'నుంచి' లేకుండా చెప్పమ్మా" అన్నాను. కాసేపు ఆలోచించి "మూడు రోజులుగా జ్వరం" అంది. సోమవారాన్ని కూడా అలాగే చెప్పమన్నాను. "సోమవారంగా..." అని తనే ఆగిపోయి నవ్వేసింది. అదే కిటుకు. 'గా' పడితే 'ఫర్', పడకపోతే 'సిన్స్'. చాలా కాలంగా, రెండేళ్లుగా, గంటసేపటిగా: వీటికి 'ఫర్'. పొద్దుటి నుంచి, చిన్నప్పటి నుంచి, పెళ్లయినప్పటి నుంచి: వీటికి 'గా' పెట్టలేం, 'సిన్స్' వాడాలి. ఆ వాక్యం "ది పేషెంట్ హ్యాజ్ హ్యాడ్ ఫీవర్ ఫర్ త్రీ డేస్" అని సరిచేసుకోవడానికి ఆమెకి ఇంకో రెండు రోజులు పట్టింది. 'హ్యాజ్ హ్యాడ్' నోరు తిరగదు, దానికి సాధన తప్పదు.

అపోహ: రోజూ తెలుగులో వాడే ఇంగ్లీషు మాటలు మనకి వచ్చినట్టే.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తగిలేది ఇక్కడే. ఆ మాటలు మన ఇంటికొచ్చి మన అర్థాలు తెచ్చుకున్నాయి. "వాడు ఫీలయ్యాడు" అంటే మనకి నొచ్చుకున్నాడని. ఇంగ్లీషులో "హి ఫెల్ట్" అని ఆపితే, ఏమని ఫీలయ్యాడో చెప్పలేదేంటని ఎదుటివాళ్లు ఎదురుచూస్తారు.

నా దగ్గర చదివిన ఒక కుర్రాడు కొత్త ఉద్యోగంలో విదేశీ క్లయింటుకి "ఐ హ్యావ్ ఎ డౌట్ ఇన్ యువర్ రిపోర్ట్" అని మెయిల్ పెట్టాడు. ఒక విషయం అర్థం కాలేదు, అడిగి తెలుసుకుందామని అతని ఉద్దేశం. నీ రిపోర్టు నిజమో కాదో నాకు అనుమానంగా ఉంది అన్నట్టు క్లయింట్ చదువుకున్నాడు. జవాబు ముక్తసరిగా, కోపంగా వచ్చింది. మనకి 'సందేహం' అంటే తెలియనిది అడగడమూ అవుతుంది, నమ్మకపోవడమూ అవుతుంది. 'డౌట్'ని మనం ఆ రెండింటికీ వాడేస్తాం. బయటివాళ్లకి అందులో నమ్మకపోవడమే ముందు వినిపిస్తుంది. "ఐ హ్యావ్ ఎ క్వశ్చన్ అబౌట్ యువర్ రిపోర్ట్" అని ఉంటే సరిపోయేది.

అపోహ: 'ప్రిపోన్' (అనుకున్న సమయం కంటే ముందుకి జరపడం) అసలు ఇంగ్లీషే కాదు.

వాస్తవం: ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలో ఉంది. మన దేశంలో నిశ్చింతగా వాడొచ్చు. అమెరికాలో ఉన్నవాళ్లతో మాట్లాడేటప్పుడు మాత్రం "మూవ్ అప్" అంటే వాళ్లకి వెంటనే అందుతుంది.

అపోహ: తెల్లవాళ్ల యాస రాకపోతే, విదేశాలకి వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో మార్కులు పోతాయి.

వాస్తవం: స్పీకింగ్ పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు ఉంటుంది. తడుముకోకుండా మాట్లాడటం, పదసంపద, గ్రామర్, ఉచ్చారణ అని నాలుగు చూస్తారు, నాలుగింటికీ సమానంగా మార్కులు. ఉచ్చారణలో చూసేది మీ మాట తేలిగ్గా అర్థమవుతోందా అని. మన యాస ఉన్నా ఏం కాదు. కాకపోతే 'ఎగ్'ని 'యెగ్గు' అని, 'ఓన్లీ'ని 'వోన్లీ' అని పలికే అలవాటు ఉంటే సరిచేసుకోండి. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి చివర 'ఉ' దానంతటదే వచ్చేస్తుంది. అరువు తెచ్చుకున్న గొంతుతో మాట్లాడబోయి అసలు విషయమే మర్చిపోయే పిల్లలను చూస్తే జాలేస్తుంది.

అపోహ: మరి 'ఎ', 'ది' కూడా తెలుగుతోనే వచ్చేస్తాయా?

వాస్తవం: రావు. ఇక్కడ తెలుగు సగం దూరమే తోడొస్తుంది. "ఒకావిడ వచ్చింది" అన్నప్పటి 'ఒక' దగ్గర 'ఎ' పెట్టొచ్చు, అంతవరకే. "ఆమె టీచర్" అనే వాక్యంలో మనకి 'ఒక' లేదు, 'ఉంది' కూడా లేదు. రెండు మాటలతో పని అయిపోతుంది. ఇంగ్లీషులో "షి ఈజ్ ఎ టీచర్" అని ఆ రెండూ పెట్టాలి. దీనికి నేను చేయించేది ఒకటే. రోజుకి ఇంగ్లీషు పేపర్లో ఒక పేరా తీసుకుని 'ఎ', 'యాన్', 'ది' వచ్చిన ప్రతిచోటా గీత గీయిస్తాను. మర్నాడు అవి తీసేసి రాసిన అదే పేరా ఇచ్చి ఖాళీలు నింపమంటాను. మొదటి వారం సగానికి సగం తప్పులే ఉంటాయి. నర్సు పేపర్లోనూ అంతే. మూడు నెలల తర్వాత ఆమె నింపిన పేరాలో రెండే తప్పులున్నాయి.