మైకు పట్టుకున్నవాడు ఎవరికి జవాబు చెప్పాలి?

టీవీలోనో రేడియోలోనో ఒకాయన నోరు పారేసుకుంటాడు. తెల్లారేసరికి గొడవ. వాక్ స్వాతంత్ర్యం అని కొందరు, చర్య తీసుకోవాల్సిందేనని కొందరు. వారం తిరక్కుండా ఒక క్షమాపణ, గొడవ మరీ ముదిరితే ఒక సస్పెన్షన్, ఆ తర్వాత అంతా మామూలే. ఇదంతా సోషల్ మీడియా వచ్చాక మొదలైందనుకుంటారు చాలామంది. నిజానికి రేడియో ఎంత పాతదో ఈ తగాదా కూడా దాదాపు అంత పాతది. వరసగా చూసుకుంటూ వస్తే ఒక విషయం తేలుతుంది. హక్కుల గురించి కోర్టులు ఎన్ని పేజీలు రాసినా, అసలు దెబ్బ వేసింది ఎక్కువసార్లు లైసెన్సు ఇచ్చేవాడో, యాడ్స్ ఇచ్చేవాడో, కేబుల్ చేతిలో ఉన్నవాడో. మాట పడ్డవాళ్లకి ఇందులో చోటు దొరికింది మాత్రం చాలా అరుదు.

మొదటి పెద్ద తగవు అమెరికాలో వచ్చింది. ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఇద్దరు మాట్లాడితే ఎవరి మాటా వినపడదు. అందుకే 1927లో రేడియో చట్టం తెచ్చి, ఎవరికి ఏ ఫ్రీక్వెన్సీ ఇవ్వాలో తేల్చడానికి ఒక కమిషన్‌ని పెట్టారు. ప్రసారాల మీద సెన్సార్ ఉండకూడదని ఆ చట్టమే చెప్పింది. అసభ్యమైన మాటలు వాడకూడదనీ, లైసెన్సు ప్రజా ప్రయోజనం కోసమేననీ కూడా అదే చెప్పింది. ఈ మూడూ ఒకదానితో ఒకటి పొసగవని తెలియడానికి ఎంతో కాలం పట్టలేదు.

లాస్ ఏంజెలెస్‌లో రాబర్ట్ షులర్ అనే మెథడిస్టు పాస్టర్ ఉండేవాడు. చర్చి పేరు మీదే కేజీఈఎఫ్ అనే రేడియో స్టేషన్ నడిపేవాడు. జడ్జీలనీ పోలీసులనీ యూదులనీ క్యాథలిక్కులనీ ఎవర్నీ వదిలేవాడు కాదు. నగరంలోని అవినీతి మీద గొంతెత్తే మొనగాడని అభిమానులకి పేరు. అయితే కోర్టు రికార్డులో ఒక ముచ్చట ఉంది. ఒకరోజు ఆయన రేడియోలో, ఒక పెద్దమనిషి గుట్టు తన దగ్గరుందనీ, 100 డాలర్లు చందా రాకపోతే బయటపెడతాననీ ప్రకటించాడు. పేరు మాత్రం చెప్పలేదు. దాంతో ఒకరు కాదు, చాలామంది డబ్బు పంపారు! గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నవాళ్లు ఆ ఊళ్లో అంతమంది ఉన్నారన్నమాట.

1931లో కమిషన్ ఆ స్టేషన్ లైసెన్సు పొడిగించలేదు. మరుసటి ఏడు వాషింగ్టన్ అప్పీలు కోర్టు కూడా దాన్నే సమర్థించింది. ఆయన్ని మాట్లాడొద్దని ఎవరూ అనలేదు, ఇంకెక్కడైనా ఏమైనా మాట్లాడుకోవచ్చు, అయితే అందరిదైన తరంగం మీద మాట్లాడటం ఆయన సొంత హక్కు కాదు, ఇదీ కోర్టు వాదన. సుప్రీం కోర్టు ఆ కేసు వినడానికే ఒప్పుకోలేదు.

సరిగ్గా అదే 1931లో ఇంకో తీర్పు వచ్చింది. మినియాపోలిస్‌లో జే నియర్ అనే అతను నడిపిన వారపత్రిక కూడా షులర్ బాపతే. పోలీసు అధికారులు గూండాలతో కుమ్మక్కయ్యారని రాస్తూ, ఆ ముసుగులో యూదుల మీద విషం కక్కేది. రాష్ట్ర ప్రభుత్వం దాన్ని మూయించింది. సుప్రీం కోర్టు 5-4 మెజారిటీతో ఆ మూసివేత చెల్లదంది. పరువు తీస్తే తర్వాత దావా వేసుకోండి, అచ్చు కాకుండా ముందే ఆపడం కుదరదని తేల్చింది. కాలం ఒకటే, విషం ఒకటే. కాగితం మీద అచ్చయితే రక్షణ దొరికింది, గాల్లో వినిపిస్తే దొరకలేదు. ప్రసార మాధ్యమానికి వేరే లెక్క అనే మాటకి పునాది అక్కడే పడింది. ఇవాళ్టి వాదనల్లోనూ పదే పదే తిరిగొచ్చేది ఆ లెక్కే.

1930లలో ఫాదర్ చార్లెస్ కాఫ్లిన్ అనే క్యాథలిక్ పూజారి ప్రసంగాలకి కోట్లాదిమంది శ్రోతలుండేవారు. 1938 నవంబరులో నాజీలు యూదుల ఇళ్లూ దుకాణాలూ తగలబెట్టిన కొద్ది రోజులకే, ఆయన ఆ పనికి సాకులు చెబుతూ మాట్లాడాడు. న్యూయార్క్‌లో ఆయన ప్రసంగాలు వేసే స్టేషన్ ఇక వెయ్యనంది. మరుసటి ఏడు ప్రసారకుల సంఘం, వివాదాస్పద అంశాల మీద మాట్లాడేవాళ్లకి ఎయిర్ టైమ్ అమ్మకూడదని నియమం పెట్టుకుంది. 1940 కల్లా ఆయన గొంతు రేడియోలో ఆగిపోయింది. ఇక్కడ ఆయన నోరు మూయించింది ప్రభుత్వం కాదు, స్టేషన్ల యజమానులే. స్వీయ నియంత్రణ అని ఇప్పుడు మనం వింటున్న మాటకి ఇది పాత రూపం.

నాకు ఈ చరిత్ర మొత్తంలో ముచ్చటైన ఘట్టం 1964లో మొదలైంది. పెన్సిల్వేనియాలో రెడ్ లయన్ అనే చిన్న ఊరి స్టేషన్‌లో, బిల్లీ జేమ్స్ హార్గిస్ అనే మతబోధకుడు 15 నిమిషాల కార్యక్రమంలో ఫ్రెడ్ కుక్ అనే రచయితని కమ్యూనిస్టుల మనిషంటూ తిట్టిపోశాడు. జవాబు చెప్పుకోవడానికి ఉచితంగా టైమ్ ఇవ్వమని కుక్ అడిగాడు. డబ్బు కట్టి కొనుక్కోమంది స్టేషన్. అప్పట్లో ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్ అనే నియమం ఉండేది. వివాదాస్పద విషయాల్లో రెండో పక్షానికీ చోటివ్వాలి, ఎవరినైనా వ్యక్తిగతంగా దూషిస్తే వాళ్లకి జవాబు చెప్పే అవకాశమివ్వాలి. కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. 1969లో జడ్జీలందరూ ఒకే మాట మీద కుక్ పక్షాన నిలిచారు. ప్రసారాల విషయంలో ముందు చూడాల్సింది వినేవాళ్ల హక్కు, ప్రసారకుడిది ఆ తర్వాతేనని రాశారు. ఇందులో హార్గిస్‌ని ఎవరూ నోరు మూసుకోమనలేదు. అవతలివాడికి కూడా మైకు ఇమ్మన్నారు, అంతే.

కాకపోతే ఈ కథకి ఇంకో ముఖం ఉంది. తర్వాత కొన్నేళ్లకి ఫ్రెడ్ ఫ్రెండ్లీ అనే సీనియర్ జర్నలిస్టు ఆరా తీస్తే తేలిందేమంటే, ఆ రోజుల్లో డెమొక్రాటిక్ పార్టీ వర్గాలు ఇలాంటి ఫిర్యాదుల్ని ఒక పథకం ప్రకారం వాడుకున్నాయి. మితవాద (రైట్ వింగ్) ప్రసారాలు వేసే చిన్న స్టేషన్లని వేధించి, ఈ తలనొప్పి మనకెందుకులే అనిపించడమే వాళ్ల లక్ష్యం. కుక్ ఫిర్యాదుకీ ఆ పథకంతో సంబంధం ఉంది. జవాబుదారీ కోసం పెట్టిన ఏ నియమాన్నైనా అధికారంలో ఉన్నవాడు ఆయుధంగా మార్చుకోగలడని చెప్పడానికి వేరే ఉదాహరణ వెతుక్కోనక్కర్లేదు.

అదే రోజుల్లో మిసిసిపీ రాష్ట్రం జాక్సన్‌లో డబ్ల్యూఎల్‌బీటీ అనే టీవీ స్టేషన్ నల్లజాతివాళ్లని చిన్నచూపు చూసేది. జాతీయ నెట్‌వర్క్‌లో పౌరహక్కుల నాయకులు కనిపించగానే 'కేబుల్ ట్రబుల్' అని బోర్డు పెట్టేది. ప్రేక్షకుల తరఫున ఒక చర్చి సంస్థ అభ్యంతరం చెబితే, మీకేం సంబంధమంది కమిషన్. టీవీ చూసేవాడికి సంబంధం లేకపోతే ఇంకెవరికుందని 1966లో అప్పీలు కోర్టు అడిగినంత పని చేసింది. 1969లో ఆ లైసెన్సు పోయింది. లైసెన్సు తగవులో ప్రేక్షకుడిని కక్షిదారుగా ఒప్పుకోవడం ఈ కేసుతోనే వచ్చింది.

తర్వాత గాలి మారింది. 1987లో రీగన్ హయాంలో ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్ రద్దయింది. రోజంతా ఒకే పక్షం వాదించే టాక్ రేడియో దేశమంతా అల్లుకుపోయింది. అసభ్యత మీద నియమం మాత్రం మిగిలింది. హాస్యనటుడు జార్జ్ కార్లిన్ బూతుల మీద చేసిన ప్రసంగం 1973లో ఒక మధ్యాహ్నం న్యూయార్క్ రేడియోలో వస్తే, కారులో కొడుకుతో వెళుతున్న ఒక తండ్రి ఫిర్యాదు చేశాడు. 1978లో సుప్రీం కోర్టు 5-4తో కమిషన్ పక్షాన తీర్పిచ్చింది. 2006 నాటికి ఒక్కో అసభ్య ప్రసారానికి జరిమానా 3,25,000 డాలర్ల దాకా పెరిగింది. విడ్డూరమేమంటే, పగటిపూట ఒక బూతు మాటకి ఇంత జరిమానా. అదే, ఒక జాతి మొత్తాన్ని మర్యాదగా వినిపించే మాటలతో కించపరిస్తే పైసా కూడా లేదు.

ఆ తేడా 2007లో అందరి కళ్లకీ కట్టింది. ఏప్రిల్ 4న డాన్ ఐమస్ అనే రేడియో హోస్ట్, రట్గర్స్ యూనివర్సిటీ మహిళా బాస్కెట్‌బాల్ జట్టు గురించి జాతినీ ఆడతనాన్నీ కలిపి ఒక నీచమైన మాట అన్నాడు. వాళ్లు అంతకుముందు రోజే జాతీయ ఫైనల్ ఆడి ఓడిపోయిన కాలేజీ పిల్లలు. ప్రభుత్వం చేయగలిగిందేమీ లేదు. మొదట రెండు వారాల సస్పెన్షన్ అన్నారు. 10న ఆ అమ్మాయిలు కోచ్ వివియన్ స్ట్రింగర్‌తో కలిసి ప్రెస్ ముందుకొచ్చి కూర్చున్నారు. అప్పటిదాకా వాళ్లు ఒక తిట్టు పడ్డ జట్టు మాత్రమే. కెమెరా ముందు మాట్లాడేసరికి పేర్లూ ముఖాలూ ఉన్న మనుషులయ్యారు. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్, జనరల్ మోటార్స్, అమెరికన్ ఎక్స్‌ప్రెస్ లాంటి కంపెనీలు ఒకదాని వెనక ఒకటి యాడ్స్ తీసేసుకున్నాయి. 11న ఆయన షోని టీవీలో వేసే ఎంఎస్‌ఎన్‌బీసీ, 12న రేడియోలో వేసే సీబీఎస్ ఆయన్ని వదిలించుకున్నాయి.

ఇక్కడ నేను నవ్వుకునేది కాంట్రాక్టు గురించి. నోటి దురుసే తన సరుకనీ, అలా మాట్లాడమనే కాంట్రాక్టులో రాసుకున్నారనీ ఐమస్ లాయర్ వాదించాడు. ఆ వాదనలో బలం లేకపోలేదు. ఏళ్ల తరబడి ఆ దురుసు మీద యాడ్స్ డబ్బు సంపాదించినవాళ్లకి ఒక్క వారంలో సంస్కారం గుర్తొచ్చింది. ఆగస్టులో సీబీఎస్ ఆయనతో రాజీ పడింది. డిసెంబరులో ఆయన ఇంకో స్టేషన్‌లో మళ్లీ మైకు ముందు కూర్చున్నాడు.

బ్రిటన్‌లో ఆఫ్‌కామ్ అనే నియంత్రణ సంస్థకి జరిమానా వేసే అధికారం ఉంది. 2008 అక్టోబరులో బీబీసీ రేడియో 2 కార్యక్రమంలో రసెల్ బ్రాండ్, జొనాథన్ రాస్ అనే హోస్టులు కలిసి ఒక వృద్ధ నటుడి ఫోన్‌లో ఆయన మనవరాలి గురించి అసభ్యమైన సందేశాలు పెట్టారు. అది లైవ్ కాదు. ముందే రికార్డు చేసి, విని, బీబీసీ వాళ్లే వేశారు. మొదట వచ్చిన ఫిర్యాదులు రెండే రెండు. వారం తర్వాత ఒక పత్రిక రాశాక అవి వేలల్లోకి వెళ్లాయి. బ్రాండ్ రాజీనామా చేశాడు, రాస్‌ని 12 వారాలు పక్కనపెట్టారు, రేడియో 2 అధిపతి కూడా తప్పుకున్నారు. ఆఫ్‌కామ్ 1,50,000 పౌండ్ల జరిమానా వేసింది. బీబీసీ నడిచేది జనం కట్టే లైసెన్సు ఫీజుతో కాబట్టి ఆ జరిమానా ఎవరి జేబులోంచి పోయిందో వేరే చెప్పక్కర్లేదు.

వీటన్నిటికీ అవతలి అంచున రువాండా ఉంది. 1993లో మొదలైన ఆర్‌టీఎల్‌ఎం రేడియో టుట్సీ తెగవాళ్లని 'బొద్దింకలు' అని పిలిచింది. పాటల మధ్యా జోకుల మధ్యా ఆ మాట రోజూ వినిపించేది. 1994 నరమేధంలో చంపాల్సినవాళ్ల పేర్లు కూడా చదివింది. 2003లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ ఆ రేడియో వెనకున్న ఫెర్డినాండ్ నహిమానాకి యావజ్జీవం వేసింది. అప్పీలులో అది 30 ఏళ్లయింది. ప్రతి వెకిలి మాటనీ రువాండాతో పోల్చడం నాకు నచ్చదు. కానీ అవహేళనకీ ఉసిగొల్పడానికీ మధ్య గీత ఉందని చెప్పేవాళ్లు, ఆ రేడియో మొదట అవహేళనతోనే జనాదరణ సంపాదించిందని మర్చిపోకూడదు.

ఇక మన దేశం. 1995 ఫిబ్రవరిలో క్రికెట్ ప్రసారాల కేసులో సుప్రీం కోర్టు, తరంగాలు ప్రజల ఆస్తి అంది. జస్టిస్ బి.పి.జీవన్ రెడ్డి విడిగా రాసిన తీర్పులో కూడా ఇదే వాదన కనిపిస్తుంది. ప్రభుత్వ గుత్తాధిపత్యమూ వద్దు, ప్రైవేటు గుత్తాధిపత్యమూ వద్దన్నారు. అదే ఏడు కేబుల్ టీవీ చట్టం వచ్చింది. దాని ప్రోగ్రామ్ కోడ్ మతాల మీద, వర్గాల మీద దాడినీ, పరువు తీసే మాటల్నీ నిషేధిస్తుంది. అమలు కేంద్ర సమాచార ప్రసార మంత్రిత్వ శాఖ చేతిలో. ఆ చెయ్యి ఎప్పుడు లేస్తుందో చూస్తే అనుమానాలు రాక మానవు. 2020 మార్చిలో ఢిల్లీ అల్లర్ల కవరేజీకి రెండు మలయాళ చానళ్లని 48 గంటలు ఆపమన్నారు. కొన్ని గంటల్లోనే ఆ ఉత్తర్వు వెనక్కి పోయింది. అదే ఏడు సెప్టెంబరులో ఒక వర్గాన్ని గుచ్చి గుచ్చి నిందించే సుదర్శన్ టీవీ కార్యక్రమాన్ని ఆపడానికి మాత్రం సుప్రీం కోర్టు రంగంలోకి దిగాల్సి వచ్చింది.

తెలుగు నేల మీద 2014 జూన్‌లో ఇంకో రకం శిక్ష చూశాం. కొత్తగా ఎన్నికైన తెలంగాణ ఎమ్మెల్యేల మీద టీవీ9 వేసిన వెటకారం కార్యక్రమం నిజంగానే కించపరిచేలా ఉంది. చానల్ క్షమాపణ చెప్పింది. అయినా కేబుల్ ఆపరేటర్లు ఆ చానల్‌నీ, దానితో పాటు ఏబీఎన్ ఆంధ్రజ్యోతినీ తెలంగాణలో ఆపేశారు. మాకు సంబంధం లేదంది ప్రభుత్వం. నోటీసు లేదు, విచారణ లేదు, ఎన్నాళ్లో చెప్పిన ఉత్తర్వూ లేదు. ఆ మాటలు తప్పే. కానీ తప్పుకి శిక్ష వేసే పద్ధతి అది కాదు.

చానళ్ల సొంత సంఘం 2008లో జస్టిస్ జె.ఎస్.వర్మ అధ్యక్షతన ఫిర్యాదుల సంస్థని పెట్టుకుంది. అప్పట్లో అది వేయగల గరిష్ఠ జరిమానా లక్ష రూపాయలు. 2009లో ఒక చానల్‌కి ఆ లక్ష వేస్తే, అలిగి సంఘంలోంచే బయటికెళ్లింది. 2023లో సుప్రీం కోర్టు, ఒక కార్యక్రమం మీద వచ్చే లాభం ముందు లక్ష ఏమూలకన్న ధోరణిలో నిలదీసింది. అంతకు ముందే, 2021 జూన్‌లో, కేంద్రం మూడంచెల నిబంధనలు తెచ్చింది. ముందు చానల్‌కి ఫిర్యాదు చేయాలి. వాళ్లు 15 రోజుల్లో తేల్చాలి. నచ్చకపోతే సంఘానికి, అక్కడ 60 రోజులు. ఆ పైన ప్రభుత్వ కమిటీ. హెచ్చరిక, మందలింపు, క్షమాపణ స్క్రోలింగ్, ఇవన్నీ ఆ నిబంధనల్లో ఉన్నాయి. ప్రైమ్ టైమ్ డిబేట్‌లో తిట్లు తిన్న మనిషికి, అదే చానల్‌లో అదే టైమ్‌కి పది నిమిషాలు ఇవ్వాలన్న సెక్షన్ మాత్రం కేబుల్ చట్టంలో లేదు.